పాత కార్లలో పాలమూరు, జూరాల, గద్వాల, అలంపురం

ఫిబ్రవరి చివరి వారంలో ఒక శనివారం, తెల్లవారుజామున ఐదున్నరకు హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర నాలుగు కార్లు కలిశాం. నాది 1991 అంబాసిడర్ నోవా, పెట్రోలు బండి. నాన్న మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్నారు, అందుకే నంబరు ఇప్పటికీ ఏపీ 22. రెండోది 1984 ప్రీమియర్ పద్మిని. కాగితాల్లో పద్మిని అని ఉన్నా మనకు అది ఎప్పుడూ ఫియటే, కాబట్టి దాని యజమాని మాకు ఫియట్ అన్న. మూడోది ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి 1968 స్టాండర్డ్ హెరాల్డ్, మద్రాసులో తయారైన బండి. నాలుగోది మా బావ కాంటెస్సా, 1.8 ఇసుజు ఇంజనుది. ముందు హెరాల్డ్, వెనక కాంటెస్సా, గంటకు 60 దాటొద్దని మాట.

పాత కారుతో వెళ్తే ఊళ్లను, లాడ్జీలను చూసే కన్ను మారిపోతుంది. గదిలో టీవీ ఎంత పెద్దదో ఎవరికి కావాలి? చెట్టు నీడ ఉందా, కిటికీలోంచి బండి కనబడుతుందా, రాత్రి నాలుగు మాటలు చెప్పుకుంటూ కూర్చోవడానికి నడిచి వెళ్లేంత దూరంలో చోటుందా, పొద్దున బండి స్టార్ట్ కాకపోతే పాయింట్లు (పాత ఇంజన్లలో స్పార్కు వేళకు పడేలా చేసే చిన్న స్విచ్చు) సెట్ చేయడం తెలిసిన చెయ్యి ఊళ్లో ఉందా అన్నవే మేం చూస్తాం. ఈ రెండు రోజుల ప్రయాణాన్ని నేను ఆ లెక్కలోనే చెబుతున్నాను.

44వ నంబరు హైవే మీద షాద్‌నగర్, జడ్చర్ల దాకా రోడ్డు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బాగుంది. ఒక టోల్ గేటు దగ్గర మాత్రం హెరాల్డ్ అద్దం మీది ఫాస్టాగ్‌ను స్కానర్ పట్టలేదు. పావుగంట నిలబెట్టారు. వెనక లారీల హారన్లు, లైన్లో ఆగిన నా బండిలో టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి పాకడం, ఆ టెన్షన్ పాత బండి నడిపేవాళ్లకే తెలుస్తుంది. ఇంజను ఆపేసి బానెట్ కొంచెం ఎత్తి పెట్టాను. అక్కడ పనిచేసే కుర్రాడు ఒకడు చేతి మిషను పట్టుకుని పరుగున వచ్చి పని తెమిల్చాడు.

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ దగ్గరున్న పిల్లలమర్రికి తొమ్మిదింటికి చేరాం. దాదాపు 700 ఏళ్ల చెట్టు అంటారు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక చాలాకాలం ఎవరినీ రానివ్వలేదు. చెదలు పట్టిన కాండానికి ఆసుపత్రిలో సెలైన్ పెట్టినట్టు సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. చిన్నప్పుడు ఊడలు పట్టుకుని ఊగిన నాకు ఇప్పుడు కంచె బయటి నుంచి చూడటం కొంచెం బాధగానే ఉంటుంది, కానీ అది సరైన పని. బయట పార్కింగుకు మంచి నీడ ఉంది. ఏపీ 22 చూసి ఒక పెద్దాయన దగ్గరికొచ్చి డోరు మీద చెయ్యి పెట్టి, "మా దిక్కు బండే కదా బిడ్డా, ఇంక నడుస్తుందా?" అని అడిగారు. ఎక్కించుకుని గేటు దాకా ఒక చుట్టు తిప్పాను.

దేవరకద్ర దాటి ఆత్మకూరు రోడ్డులో ఉండగా, పదకొండున్నరకు, ఫియట్ దగ్గి ఆగిపోయింది. ఎండ బాగా ముదిరింది. ఫియట్‌లో పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. ఇంజను వేడికి పైపులోని పెట్రోలు ఆవిరైపోతే పంపుకు లాగడానికి ద్రవం దొరకదు, కార్బురేటర్ ఎండిపోతుంది. దీన్నే వేపర్ లాక్ అంటారు. మాకు తెలుసు, అయినా నలుగురం నాలుగు మాటలు చెప్పుకుంటుంటే బైకు మీద పోతున్న ఒక నడివయసు మెకానిక్ ఆగాడు. ట్రాక్టర్లు, బోరు మోటార్లు చేస్తాడట. చూడగానే, "పరేషాన్ కాకుండ్రి సార్, పంపు మీద తడి గుడ్డ ఎయ్యుండ్రి, జర సల్లబడ్తే అదే లేస్తది" అన్నాడు. తువ్వాలు తడిపి చుట్టాం. ఇరవై నిమిషాలు వేపచెట్టు కింద కూర్చున్నాం. ఆ తర్వాత ఒక్క సెల్ఫుకే లేచింది. పనిలో పనిగా పాయింట్ల మధ్య సందు చూసి గరుకు కాగితంతో శుభ్రం చేసి ఇచ్చాడు. ఈ రెండు రోజుల్లో అందిన సేవల్లో నా మొదటి మార్కు ఆయనకే.

జూరాల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కృష్ణ తెలంగాణలోకి వచ్చాక మొదట కనబడే పెద్ద ప్రాజెక్టు ఇది. పూర్తి నీటిమట్టం 1,045 అడుగులు, పవర్‌హౌస్‌లో 39 మెగావాట్ల యూనిట్లు ఆరు. మేం వెళ్లింది మాత్రం చేపల కోసమే. డ్యామ్ పక్కన దుకాణాల్లో బొచ్చె, రవ్వ చేపలు వరసగా పెట్టి ఉంటాయి. మనం ఎంచుకుంటే తూకం వేసి, ముక్కలు కోసి, కారం పట్టించి మన కళ్ల ముందే పెద్ద బాణలిలో వేయిస్తారు. పైన నిమ్మకాయ, పక్కన ఉల్లిపాయ. రెండు దుకాణాల్లో తిన్నాం. మొదటి చోట నూనె నల్లగా ఉంది, ముక్క చేదెక్కింది. నాలుగు అడుగుల అవతల ఒక అక్క నడిపే దుకాణంలో నూనె అప్పుడే మార్చారు, చేప పైన కరకర, లోపల మెత్తన. వెళ్లేవాళ్లు ముందు బాణలిలోకి తొంగి చూడండి. ఆ చేప పక్కన చల్లటి బీరు ఉంటే అని బావ నిట్టూర్చాడు గానీ, స్టీరింగు పట్టే మనిషి సాయంత్రం దాకా చుక్క ముట్టకూడదన్నది మా నాలుగు బండ్లకూ ఉన్న ఒకే ఒక్క చట్టం.

గద్వాలలో ముందే ఫోన్‌లో మాట్లాడుకున్న లాడ్జి కొత్తది, ఏసీ, లిఫ్టు, అన్నీ ఉన్నాయి. పార్కింగు మాత్రం సెల్లార్‌లో. దిగే వాలు ఎంత నిట్టనిలువుగా ఉందంటే హెరాల్డ్ సైలెన్సర్ నేలకు గీసుకుంది. సార్ ముఖం చూడలేకపోయాం. అడ్వాన్సు తిరిగివ్వం అన్నారు, వదిలేసి బయటికొచ్చాం. దొరికిన రెండోది పాత లాడ్జి. గది 900 రూపాయలు, గోడల సున్నం రాలుతోంది, వేడినీళ్లు బకెట్‌లో తెచ్చి ఇస్తారు. కానీ లోపల పెద్ద ఆవరణ, రెండు వేపచెట్లు, కింది అంతస్తు గదుల ముందు వరండా. నాలుగు బండ్లూ వరండాకు ఎదురుగా నిలబెట్టుకున్నాం. కుటుంబంతో వెళ్తే బాత్రూముల సంగతి ఆలోచించుకోవాలి. పాత కారుతో వెళ్తే ఇంతకంటే మంచి బస నాకు ఆ చుట్టుపక్కల తెలియదు.

తాళాలన్నీ హెరాల్డ్ సార్ చేతిలో పెట్టాం. ఆయన తాగరు, సోడా ఒక్కటే. నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న బార్‌లో మొదటి బీరు చల్లగా లేదు, చెబితే ఐసు బకెట్ తెచ్చారు, మసాలా పల్లీలు బాగున్నాయి. టీవీ మోతకు మాట వినబడక గంటలోనే లేచి వచ్చేశాం. మేనేజరును అడిగి వరండాలో కూర్చున్నాం. బావ తన సంచిలోంచి అమృత్ సింగిల్ మాల్ట్ తీశాడు. బెంగళూరులో తయారైన ఈ విస్కీని 2004లో మొట్టమొదట అమ్మకానికి పెట్టింది స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో. అక్కడి చలిలో పీపాల్లోంచి ఏడాదికి రెండు శాతం దాకా ఆవిరైతే, మన వేడికి పది శాతం పైనే పోతుందట, అందుకే ఇక్కడ తక్కువ ఏళ్లలోనే విస్కీ పండుతుందని వివరించాడు. "పొద్దున నా పంపులో జరిగింది కూడా ఇదే కదరా" అని ఫియట్ అన్న అనడంతో అందరం హాయిగా నవ్వుకున్నాం.

మాటలు మళ్లీ బండ్ల మీదికే వచ్చాయి. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు, నంబరులో వీఏ అని వస్తుంది. మీరెందుకు తీసుకోలేదని సార్‌ను అడిగాను. "అది తీసుకుంటే ప్రదర్శనలకో, ర్యాలీలకో, రిపేరుకో తప్ప రోజూ తిప్పకూడదు. నేను దీంట్లో కూరగాయలకు పోతాను నాయనా" అన్నారు. హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు తెరుచుకుంటుంది. టార్చి వెలుగులో ఆయన టైరు మీద కూర్చుని ఒక్కో భాగం చూపిస్తుంటే పదకొండు దాటినా ఎవరికీ నిద్ర రాలేదు. ఇంజను మొత్తం ఆయనే విప్పి, ప్రతి నట్టుకూ చీటీ కట్టి, ఏడాదిన్నర తర్వాత మళ్లీ కూర్చారట.

ఆ మాట మర్నాడు అలంపురంలో మళ్లీ గుర్తొచ్చింది. పొద్దున గద్వాల కోట త్వరగానే చూశాం. లోపలి చెన్నకేశవ ఆలయం, డిగ్రీ కాలేజీ తప్ప శిథిలాలే ఎక్కువ. మగ్గాల ఇంట్లో అమ్మకు ఒక చీర కొన్నాను. నూలు ఒంటికి పట్టు అంచును పోగు పోగుకూ కలిపి నేసే 'కుట్టు' పని దగ్గరగా చూస్తే ధర ఎక్కువనిపించదు. ఎర్రవల్లి చౌరస్తా మీదుగా అలంపురం చేరాం. ఏడో శతాబ్దపు బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ దర్శనం అయ్యాక సంగమేశ్వరాలయం దగ్గర సార్ ఆగిపోయారు. ఈ గుడి మొదట ఇక్కడిది కాదు. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయిగా విప్పి తెచ్చి ఇక్కడ తిరిగి నిలబెట్టారు. సార్ గోడ చుట్టూ రెండుసార్లు తిరిగారు, రాళ్ల అతుకుల మీద వేలు పెట్టి చూశారు. "ఎక్కడా తేడా తెలీట్లేదు" అని మాత్రం అన్నారు. నలభై నిమిషాలు అక్కడే ఉన్నాం. గుడి దగ్గర పార్కింగు నేల ఎగుడుదిగుడు, నీడ తక్కువ, మధ్యాహ్నం వద్దు.

తిరుగు దారిలో బీచుపల్లి వంతెనకు ముందే కాంటెస్సాలో పెట్రోలు వాసన. పక్కకు ఆపి చూస్తే రబ్బరు పైపు ఉబ్బి, క్లిప్పు దగ్గర చిట్లింది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఆ కాలం రబ్బరు దానికోసం చేసింది కాదు. పైపులన్నీ మార్పించండి, ఆలస్యం చేయకండి. నేను వెనక్కి ఎర్రవల్లి వెళ్లి ట్రాక్టర్ స్పేర్ల దుకాణంలో అర మీటరు పైపు, రెండు క్లిప్పులు తెచ్చాను. మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ఇంటికి వెళ్లాక బావ ఇథనాల్ తట్టుకునే కొత్త పైపు వేయించాడు. ఆ ట్రాక్టర్ పైపు ముక్క మాత్రం క్లిప్పులతో సహా డిక్కీలోనే, స్టెప్నీ పక్కన ఉంచుకున్నాడు.