అండమాన్ ఎలిఫెంట్ బీచ్ స్నార్కెలింగ్ రివ్యూ: తిరుపతి నుంచి ప్యాకేజీ కట్టేవాళ్ళు చదవండి

సముద్రానికి ఐదుకి ఐదు, బోటు వాళ్ళకి నాలుగు, తిరుపతిలో మాకు ప్యాకేజీ అమ్మిన ఏజెంటుకి రెండు. ఆ రెండూ చెన్నై నుంచి ఫ్లైట్ టికెట్లు సరిగ్గా వేసినందుకు.

ప్యాకేజీ కాగితంలో స్నార్కెలింగ్ (మాస్క్, పైపు పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ కిందున్న పగడాలు, చేపలు చూడటం) ఉచితం అని ఉంది. అబద్ధమేం కాదు. హావ్‌లాక్, అదే 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారే, అక్కడి జెట్టీ నుంచి బోటు ఎక్కితే టికెట్‌లోనే ఓ చిన్న రౌండ్ కలిపి ఉంటుంది. కాకపోతే మాస్క్ బిగించుకుని, పైపు పళ్ళ మధ్య పట్టుకుని, ముక్కు సంగతి మర్చిపోయి నోటితో గాలి పీల్చడం అలవాటయ్యేలోపే గైడ్ ఒడ్డుకి తిప్పేస్తాడు. అసలు పగడాలున్న చోటికి పోవాలంటే లాంగ్ రౌండ్ తీసుకోవాలి, దానికి వేరే డబ్బు, ఫోటోలు వీడియోలకి ఇంకా వేరే. ఇదంతా ఇసుకలో లైఫ్ జాకెట్లు వేసుకుని నిలబడ్డాక చెప్పారు. ఏజెంటుకి ఫోన్ చేస్తే "అది లోకల్ వాళ్ళ చేతుల్లో ఉంటుంది సార్" అన్నాడు. మరి కాగితం మీద రాసింది ఎవరయ్యా?

లాంగ్ రౌండ్ మాత్రం పైసా వసూల్. ఈత రాదని టెన్షన్ అక్కర్లేదు. నాకు వచ్చింది ఊరి బావిలో నేర్చుకున్న ఈత, మా ఆవిడకి అదీ లేదు. రబ్బరు ట్యూబు పట్టుకుని బోర్లా తేలితే చాలు, గైడే లాక్కెళ్తాడు. మా గైడ్ వాళ్ళది తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వెళ్ళిన కుటుంబమట, "తల లేపకండమ్మా, కిందకే చూడండి" అని తెలుగులో చెబుతుంటే మా ఆవిడకి సగం భయం అక్కడే పోయింది.

ఒడ్డు దగ్గర బూడిద రంగు విరిగిన ముక్కలే కనిపిస్తాయి, అది చూసి నిరాశపడి లేచి రావద్దు. కొంచెం లోపలికి పోతే ముడతలు పడ్డ గుండ్రటి పగడాలు, కొమ్మలు కొమ్మలుగా లేచినవి, వాటి మధ్యలో చిలుక చేపలు. ఆ చేప రాయిని కొరుకుతుంటే పక్కింట్లో ఎవరో మురుకులు నములుతున్నట్టు కరకరా వినిపిస్తుంది, నిజంగానే. అలా గీకిన సున్నపురాయి కడుపులో పొడై తెల్ల ఇసుకగా బయటికి వస్తుంది, మా కళ్ళముందే ఒకటి వెనక తెల్లగా వదులుకుంటూ పోయింది. మనం పడుకుని ఫోటోలు దిగే ఆ తెల్ల ఇసుకలో దాని వాటా కూడా ఉంది మరి. తెల్ల చారల నారింజ చేపొకటి నా మాస్క్ అద్దం దాకా దూసుకొచ్చింది. పలకరింపేం కాదు, మా ఇంటి దగ్గర నుంచి పో అని. అన్నట్టు నీళ్ళలో మాస్క్ లోంచి ఏదైనా మూడోవంతు పెద్దగా కనిపిస్తుంది కాబట్టి మా బావమరిది చెప్పే మూరెడు చేప కథలో ఆ మేరకు కోత వేసుకోండి.

2022లో జిల్లాలు విడిపోయాక తిరుపతికీ సముద్రం వచ్చింది కదా, మన జిల్లా తీరంలోని తూపిలిపాళెంలో ఈ పగడాలు చూడలేమా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. చూడలేం. మన తీరంలో నదులు తెచ్చే బురదకి నీళ్ళు మసగ్గా ఉంటాయి, వెలుతురు కిందికి దిగదు. పగడం నిజానికి ఒక ప్రాణి, దాని ఒంట్లో ఉండే నాచు వెలుతురుతో తిండి తయారుచేసి పెడుతుంది. నీళ్ళు మరీ వేడెక్కినా ఆ నాచు వెళ్ళిపోయి పగడం తెల్లబడుతుంది, 2010లో అండమాన్‌లో పెద్ద ఎత్తున జరిగింది అదే. దానికి తోడు అలసిపోగానే పగడాల మీదే కాళ్ళు ఆనించి నిలబడే జనం. గైడ్లు గట్టిగా అరవాలి, మా గైడ్ అరిచాడు, పక్కవాళ్ళ గైడ్ ఫోటోలు తీస్తూ కూర్చున్నాడు. బోటుకి ఒక మార్కు తగ్గింది అందుకే.

మా అత్తగారు ఉంగరానికి ఒక పగడం తెమ్మన్నారు. జాతకం చూసి పెట్టించుకునే ఎర్ర పగడం మధ్యధరా సముద్రం వైపు దొరికే వేరే జాతి. ఇక్కడివి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులితో సమానం. చచ్చిన ముక్క కూడా బ్యాగులో వేసుకోవద్దు, ఎయిర్‌పోర్ట్‌లో ఇబ్బంది పడతారు.

మీసాలున్నవాళ్ళకి మాస్క్ కింది అంచు సరిగ్గా అతుక్కోదు, నీళ్ళు కారుతూనే ఉంటాయి, కాస్త వ్యాసలిన్ రాసుకుంటే నయం. కొండ మీద గుండు కొట్టించుకుని అటునుంచి అటే ఫ్లైట్ ఎక్కేవాళ్ళు తలకి ఏదైనా గుడ్డ కట్టుకోండి, బోర్లా తేలుతుంటే ఎండంతా గుండు మీదా వీపు మీదే. మా గ్రూపులో ఒకాయన ఆ రాత్రి దిండు మీద తల పెట్టలేకపోయాడు. ఫుల్ చేతుల టీషర్ట్ వేసుకుంటే సన్‌స్క్రీన్ అంతగా అక్కర్లేదు. ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్ పగడాలకి చేటని హవాయిలో 2021 నుంచి అమ్మకమే ఆపేశారు.

పైపులు మాత్రం అందరివీ ఒకే బకెట్‌లో ముంచి తీసి ఇస్తున్నారు. నోట్లో పెట్టుకునేది కాబట్టి సొంతది కొనుక్కెళ్ళండి.

డబ్బు కట్టే ముందు లాంగ్ రౌండ్ కలిపారా లేదా, వాన వల్ల బోటు ఆగితే డబ్బు వాపసు ఇస్తారా, ఈ రెండూ ఏజెంటు చేత రాయించుకోండి. జనం రద్దీ పడనివాళ్ళు పోర్ట్ బ్లెయిర్ దగ్గరున్న వండూర్ నుంచి జాలీ బాయ్ దీవికి పోవచ్చు. మా పక్క గదిలో దిగిన నెల్లూరు వాళ్ళు రెండూ చూసి జాలీ బాయే నయమన్నారు. అది నేషనల్ పార్కు, ప్లాస్టిక్ లోపలికి రానివ్వరు, సోమవారం సెలవు, ఏడాదంతా తెరిచి ఉండదు, కనుక్కుని పెట్టుకోండి.