సమాన వాటా గ్రాంటా, మేయర్ల పోటీయా?

అమెరికాలో కళ సాయంతో ఊరి రూపురేఖలు మార్చుకోవాలనుకున్న నగరాల ముందు రెండు దారులు కనిపించేవి.

ఒకటి ప్రభుత్వ సొమ్ము: కళలకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ వారి ‘అవర్ టౌన్’ పథకం. 2024 నాటి నిబంధనల్లో గ్రాంటు 25 వేల నుంచి లక్షన్నర డాలర్లు. అంతే మొత్తాన్ని దరఖాస్తుదారులూ సమకూర్చుకోవాల్సి ఉండేది. స్థానిక పాలక సంస్థ, ఒక లాభాపేక్ష లేని సంస్థ జంటగా రావాల్సి ఉండేది. డిజైన్‌కు డబ్బిచ్చేవారు కానీ కట్టడానికి ఇచ్చేవారు కాదు. మరి కట్టేదెవరు?

రెండోది దాతృత్వ సంస్థ బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రపీస్ 2014లో ప్రకటించిన పోటీ, పబ్లిక్ ఆర్ట్ ఛాలెంజ్. గరిష్ఠంగా 10 లక్షల డాలర్లు. దరఖాస్తు మేయర్ నుంచే రావాల్సి ఉండేది. కనీసం 30 వేల జనాభా ఉండాలనే నిబంధన వల్ల పల్లెలకు ప్రవేశం ఉండేది కాదు. పైగా తాత్కాలిక కళకే ప్రాధాన్యం. ఈ సొమ్ముతోనే 2016లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ, షెనెక్టడీ, ట్రాయ్ నగరాల్లో ఖాళీ ఇళ్ల కిటికీలు రాత్రిపూట ఊపిరి పీల్చి వదులుతున్నట్లు వెలిగి ఆరాయి. చూడటానికి ఎంత బాగున్నా, దీపాలు తీశాక ఆ ఇళ్లు ఖాళీగానే మిగిలాయి కదా అన్న సందేహం నన్ను వదలదు.

చిన్న ఊరికైతే నేను మొదటి రకం దారే సూచిస్తాను, సమాన వాటా పుట్టించగలిగితేనే.