ఫిల్మ్ సిటీ, వండర్‌లా ట్రిప్పుకి తక్కువలో గది: సిక్కోలు, విజయనగరం వాళ్ల కోసం వాడిచూసిన సమీక్ష

రామోజీ ఫిల్మ్ సిటీకో వండర్‌లాకో పిల్లల్ని తీసుకెళ్దామని గది వెతికేటప్పుడు మనవాళ్లు చాలామంది ముందుగా సికింద్రాబాద్, అమీర్‌పేట అని కొడతారు. తెలిసిన పేర్లు కాబట్టి. కానీ మన బస్సు హైదరాబాద్‌లోకి ఏ వైపు నుంచి వస్తుందో ఒక్కసారి చూడండి. విజయవాడ హైవే మీంచి వస్తుంది. తెల్లవారుతుండగా అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఫిల్మ్ సిటీ దారి దాటుకునే ఊళ్లోకి వెళ్తుంది. ఆ తర్వాత పెద్ద అంబర్‌పేట, హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీ నగర్. అంటే ఏడు వందల కిలోమీటర్లు కూర్చుని వచ్చి, వెళ్లాల్సిన చోటు దాటిపోయి, ఊరి అవతలి కొసన గది తీసుకుని, మర్నాడు మళ్లీ అదే రోడ్డున ముప్పై నలభై కిలోమీటర్లు వెనక్కి రావడం అన్నమాట. గది మూడు వందలు తక్కువకి దొరికిందని సంతోషపడితే, రానుపోను క్యాబ్ ఖర్చు గది అద్దెనే మించిపోతుంది.

మా ఇంటికీ చుట్టాలకీ కలిపి ఎన్నో సెలవులకి గదులు బుక్ చేసి, వాడి, కొన్నిచోట్ల గొడవపడి తేల్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం. అన్నింట్లోకీ బాగా పనికొచ్చింది ఎల్బీ నగర్, వనస్థలిపురం వైపు. ఐదుకి నాలుగున్నర ఇస్తాం.

ఎందుకంటే రెండు పార్కులూ అటే ఉన్నాయి. ఫిల్మ్ సిటీ హైవే మీద తిన్నగా ఇరవై కిలోమీటర్ల పైన. వండర్‌లా రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ పక్కన. పెద్ద అంబర్‌పేట 11, బొంగుళూరు 12, ఆ తర్వాతదే రావిర్యాల. ఒకే గదిలో రెండు మూడు రాత్రులు ఉండి రెండూ చూసి రావచ్చు, మధ్యలో సామాను మార్చక్కర్లేదు. మెట్రో రెడ్ లైన్ చివరి స్టేషన్ కూడా ఎల్బీ నగరే. ఒకరోజు చార్మినార్ వైపో షాపింగ్‌కో వెళ్లాలన్నా ఇబ్బంది లేదు. చుట్టూ టిఫిన్ సెంటర్లు, మెస్‌లు బోలెడు. ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఎక్కువున్న ప్రాంతం, కాబట్టి పెద్దవాళ్లకి తిండి దగ్గర పేచీ రాదు. అర మార్కు తగ్గించింది ట్రాఫిక్‌కి. ఉదయం ఎనిమిది లోపు బయల్దేరకపోతే హయత్‌నగర్ దాటడానికే ఓపిక అయిపోతుంది. ఫిల్మ్ సిటీ ఉదయం తొమ్మిదికి తెరుస్తారు, చూడ్డానికి రోజంతా చాలదు. అక్కడ పొద్దున పోయిన గంట సాయంత్రం తిరిగిరాదు.

ఎల్బీ నగర్ వైపు గది తీసుకునేటప్పుడు మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరంలో ఉండాలని పట్టుబట్టకండి. హైవేకి దగ్గరగా ఉంటే చాలు. సిటీ బస్సుల్లో వెళ్దామనుకునే ఆడవాళ్లకి ఒక మాట: తెలంగాణ ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఆ రాష్ట్రం అడ్రస్‌తో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకే. మనం టికెట్ కొనాల్సిందే.

హయత్‌నగర్ నుంచి పెద్ద అంబర్‌పేట దాకా హైవే పక్కన ఉన్న హోటళ్లకి మూడు. ఫిల్మ్ సిటీకి ఇవే దగ్గర, గదులు కొత్తగా, పెద్దగా ఉంటాయి. చిక్కు రెండు చోట్ల. ఒకటి, రాత్రంతా లారీల హారన్లు. రోడ్డు వైపు కాకుండా వెనక వైపు గది కావాలని బుక్ చేసేటప్పుడే అడగాలి, వచ్చాక అడిగితే ఉండవు. రెండోది ఫంక్షన్ హాళ్లు. ఆ రోడ్డు పొడుగునా ఉన్నాయి. ముహూర్తాలు ఉన్న రోజుల్లో పెళ్లివాళ్లు గదులన్నీ మూకుమ్మడిగా తీసేసుకుంటారు, మిగిలినవాటి రేటు లేచిపోతుంది, పైగా అర్ధరాత్రి దాకా డీజే. అందుకే ఈ వైపు గది కావాలంటే పంచాంగం చూసి వెళ్లండి. ఆషాఢంలోనూ మూఢం రోజుల్లోనూ అవే గదులు అడిగినంతకి ఇస్తారు. శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం, ఆదివారం చూసుకుని వచ్చేవాళ్లకి ఆషాఢమే అన్నింటికన్నా చవక.

ఫిల్మ్ సిటీ లోపలే ఉండటం: సితార, తార లాంటి హోటళ్లున్నాయి, పెద్ద గుంపులకి సహారా ఉంది. ఖరీదే, కానీ కొట్టిపారేయకండి. ప్యాకేజీగా తీసుకుంటే పార్కు టికెట్లు, టిఫిన్ కలిపి ఇచ్చేవి ఉంటాయి. మొత్తం రేటులోంచి మీ ఇంటిల్లిపాది టికెట్ల ధర, రానుపోను క్యాబ్ తీసేసి చూడండి. మిగిలింది అసలు గది అద్దె. నడవలేని పెద్దవాళ్లున్న కుటుంబానికి ఒక్క రాత్రికి ఇది న్యాయంగానే ఉంటుంది. నడవగలిగిన నలుగురికి దండగ. ప్యాకేజీలో ఏమేం కలిశాయో, టికెట్ ఒక రోజుకా రెండు రోజులకా అన్నది డబ్బు కట్టకముందే రాతలో తీసుకోండి.

ఆదిభట్ల, తుక్కుగూడ వైపు హోటళ్లు వండర్‌లా ఒక్కటే చూసేవాళ్లకి సరిపోతాయి. సాయంత్రం తినడానికి చుట్టుపక్కల పెద్దగా ఏమీ ఉండదు, అంతా క్యాబ్ మీదే ఆధారపడాలి. ఔటర్ మీద ఆటోలకి, బైకులకి అనుమతి లేదు. ఆటో మాట్లాడుకుంటే సర్వీస్ రోడ్డునా ఊళ్ల లోపలి నుంచీ తిప్పుకుంటూ తీసుకెళ్తాడు, టైం ఎక్కువ పడుతుంది. సికింద్రాబాద్ లాడ్జీలు రైలు ఆలస్యంగా దిగిన రాత్రికి తప్ప వద్దు.

రైల్లో వచ్చేవాళ్లు సికింద్రాబాద్‌లో దిగినా ఎల్బీ నగర్ రావడం కష్టమేం కాదు. సికింద్రాబాద్ వెస్ట్ స్టేషన్‌లో గ్రీన్ లైన్ ఎక్కి ఎంజీబీఎస్‌లో రెడ్ లైన్‌కి మారితే సరి. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో తెరిచారు. మీ రైలు ఎక్కడ ఆగుతుందో టికెట్ మీద చూసుకోండి. చర్లపల్లి అయితే ఉప్పల్, నాగోల్ మీదుగా క్యాబ్‌లో రావడం మేలు. ఆమదాలవలసలోనో విజయనగరంలోనో ఎక్కే రైళ్లకి రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. టికెట్ కన్ఫర్మ్ అయ్యాకే గదికి డబ్బు కట్టండి. ముందు గది కట్టేసి, తర్వాత టికెట్ వెయిటింగ్‌లో ఉండిపోతే రెండు వైపులా నష్టం.

ఇక మన వైపు నుంచి వెళ్లేవాళ్లందరికీ తగిలే అసలు ఇబ్బంది చెక్ ఇన్ టైం. బస్సయినా రైలయినా తెల్లవారి ఐదుకో ఆరుకో దింపుతుంది. యాప్‌లో బుక్ చేసిన గది మధ్యాహ్నం పన్నెండుకి గానీ ఇవ్వరు. పిల్లలతో, బ్యాగులతో రిసెప్షన్ సోఫాలో ఆరు గంటలు కూర్చోలేం. దీనికి మూడు దారులున్నాయి. మొదటిది, ఇరవై నాలుగు గంటల చెకౌట్ ఉన్న లాడ్జి వెతకడం. మీరు ఉదయం ఆరుకి దిగితే మర్నాడు ఉదయం ఆరు దాకా ఒక రోజు. పాతకాలపు లాడ్జీలు ఇంకా ఇలాగే ఇస్తున్నాయి, కానీ యాప్‌లో ఇది కనబడదు, ఫోన్ చేసి అడగాలి. రెండోది, ముందురోజు రాత్రి ఖాళీ ఉంటేనే ఇస్తామనే ఎర్లీ చెక్ ఇన్. వాళ్లు సగం అద్దె అడుగుతారు, మాట్లాడితే తగ్గుతారు. శని, ఆదివారాల్లో దీని మీద ఆశ పెట్టుకోకండి. మూడోది మాకు బాగా నచ్చినది: సామాను హోటల్లో పెట్టి, ఒక్క గది మాత్రం స్నానాలకి గంటన్నర తీసుకుని, నేరుగా వండర్‌లాకి వెళ్లిపోవడం. వండర్‌లా తెరిచేది ఫిల్మ్ సిటీ కన్నా ఆలస్యంగా కాబట్టి మొదటి రోజుకి అదే కుదురుతుంది. సాయంత్రం వచ్చేసరికి మీ గది మీకు సిద్ధంగా ఉంటుంది. ఈ స్నానాల గదికి రెండు మూడు వందలకి మించి ఇవ్వక్కర్లేదు.

యాప్‌లో రేటు చదవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పైన కొట్టేసిన పెద్ద అంకె, కింద లావుగా ఇంకో అంకె, దాని కింద సన్నగా పన్నులు అదనం అన్న లైను ఉంటాయి. కొట్టేసిన అంకెని పట్టించుకోకండి, ఆ రేటుకి ఆ గది ఎప్పుడూ ఎవరికీ ఇచ్చి ఉండరు. డబ్బు కట్టే చివరి పేజీ దాకా వెళ్లి అక్కడున్న మొత్తం చూసి పోల్చండి. రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. 1,600 గదికి పన్ను 80 రూపాయలు. అంతకన్నా ఎక్కువ కనిపిస్తే అందులో యాప్ సొంత ఫీజు కలిసి ఉందన్నమాట. కౌంటర్లో ఇంకా పాత 12 శాతం లెక్క చెప్పేవాళ్లు తగిలితే బిల్లు అడగండి, దిగొస్తారు. చివరి మొత్తం చేతిలో పెట్టుకుని నేరుగా హోటల్‌కి ఫోన్ చేసి, యాప్‌లో ఇంతుంది, మీరెంతకిస్తారు అని అడగండి. యాప్‌కి పోయే కమీషన్ మిగులుతుంది కాబట్టి చాలా హోటళ్లు అంతకన్నా తగ్గిస్తాయి, లేదా అదే రేటుకి అదనపు పరుపు ఉచితంగా వేస్తాయి.

అయితే ఆ ఫోన్ నంబరు ఎక్కడ దొరికిందో జాగ్రత్త. మ్యాప్‌లలో హోటల్ పేరు కింద వేరేవాళ్లు తమ నంబరు పెట్టి, సగం అడ్వాన్స్ వేయండి అని యూపీఐ పంపి మాయమవుతున్నారు. హోటల్ సొంత వెబ్‌సైట్లో ఉన్న నంబరుతో సరిపోల్చండి. డబ్బు పంపేముందు తెర మీద వచ్చే పేరు హోటల్‌దా, ఎవరో మనిషిదా చూడండి. మనిషి పేరు వస్తే ఆపేయండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, తెల్లారనిచ్చి లాభం లేదు.

యాప్‌లో ముందే డబ్బు కట్టినా కౌంటర్లో గది లేదనడం ఇంకో తలనొప్పి. యాప్‌లో రేటు తప్పు పడింది, ఇంకో ఐదు వందలు ఇవ్వండి అంటారు, లేకపోతే పక్క హోటల్‌కి పంపిస్తామంటారు. ముహూర్తాల రోజున ఇది మామూలు. ఎందుకంటే కౌంటర్‌కి వచ్చినవాడు ఎక్కువ ఇస్తాడు, యాప్ ద్వారా వచ్చిన డబ్బులో కమీషన్ పోను వాళ్లకి మిగిలేది తక్కువ. ఇక్కడ ఒక పని మాత్రం చేయకండి: వాళ్లు చెప్పారని మీ ఫోన్‌లో మీరే క్యాన్సిల్ నొక్కకండి. నొక్కితే తప్పు మీ మీదకి వస్తుంది, డబ్బు తిరిగి రాదు. కౌంటర్ ముందే నిలబడి యాప్ కస్టమర్ కేర్‌కి ఫోన్ కలిపి, రిసెప్షన్ మనిషికి ఇచ్చి మాట్లాడించండి. హోటల్ నిరాకరించింది అని వాళ్ల చేతే నమోదు చేయించండి. ముందురోజు సాయంత్రం బస్సెక్కేముందు బుకింగ్ నంబరు చెప్పి, గది ఖాయమని వాట్సాప్‌లో ఒక లైను రాయించుకుంటే ఈ గొడవ చాలావరకు రాదు. హోటల్‌లో దిగే పెద్దవాళ్లందరికీ ఆధార్ లాంటి అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు దగ్గరుండాలి, పాన్ కార్డు చెల్లదు, అందులో అడ్రస్ ఉండదు కదా.

తాళం తీసుకునే ముందు గదిలోకి వెళ్లి చూడండి. ఏసీ ఆన్ చేసి ఐదు నిమిషాలు ఆగండి, చల్లగాలి రావాలి, శబ్దం కాదు. బాత్రూంలో గీజర్ స్విచ్ వేసి ఎర్ర లైటు వెలిగిందో లేదో చూడండి. గీజర్ లేకుండా సోలార్ అయితే వేడినీళ్లు ఏ టైం నుంచి ఏ టైం దాకా అని అడగాలి. చాలాచోట్ల పొద్దున ఆరు నుంచి తొమ్మిదే. పరుపు మీద దుప్పటి ఎత్తి మూలలు చూడండి. ఇంకొకటి, వండర్‌లా వెళ్లొచ్చాక తడి బట్టలు ఎక్కడ ఆరేస్తారు? నీళ్ల రైడ్లకి నైలాన్ బట్టలే ఒప్పుకుంటారు, అవి త్వరగానే ఆరతాయి గానీ, కిటికీ లేని ఏసీ గదిలో తువ్వాళ్లు తెల్లారినా అంటుకుపోతూనే ఉంటాయి. బాల్కనీ ఉందా, మేడ మీద తాడు ఉందా అడగండి. ఇంటి నుంచి నాలుగు మీటర్ల నైలాన్ తాడు, అరడజను క్లిప్పులు పెట్టుకుంటే ఇంకా మంచిది.

పిల్లల లెక్క హోటల్‌కి వేరు, పార్కుకి వేరు. హోటల్ వయసు అడుగుతుంది, పార్కు ఎత్తు కొలుస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లాణ్ని దాచి ఇద్దరికే గది తీసుకుంటే కౌంటర్లో అదనపు మనిషి కింద వసూలు చేస్తారు, అది యాప్‌లో ముందే చూపించే రేటుకన్నా ఎక్కువే ఉంటుంది. నలుగురికి రెండు గదులకన్నా ట్రిపుల్ గది, ఒక అదనపు పరుపు తక్కువలో పోతుంది. ఎనిమిది పదిమంది వెళ్తుంటే వనస్థలిపురం వైపు సర్వీస్ అపార్ట్‌మెంట్లో మూడు బెడ్‌రూముల ఇల్లు చూడండి. గ్యాస్ పొయ్యి ఉంటే పొద్దున ఉప్మా అక్కడే చేసుకోవచ్చు. రెండు పార్కుల్లోనూ బయటి తిండి లోపలికి రానివ్వరు, కాబట్టి పొద్దున కడుపు నిండా తిని వెళ్లడంలో మిగిలేది తక్కువేం కాదు. అపార్ట్‌మెంట్లకి డిపాజిట్ అడుగుతారు. లోపల ముందే విరిగినవీ పగిలినవీ ఏమున్నాయో దిగిన రోజే వీడియో తీసి వాళ్లకే పంపాలి.

చివరి రోజుకి గది కట్టకండి. ఉదయమే ఖాళీ చేసి, బ్యాగులు రిసెప్షన్లో పెట్టి, టోకెన్ రాయించుకుని ఫిల్మ్ సిటీకి వెళ్లండి. సాయంత్రం అందరూ ఒకేసారి బయటికి వస్తారు, గేటు దగ్గర ఆటోవాళ్లు చెప్పిందే రేటు. పొద్దున దింపిన క్యాబ్ అతనితోనే తిరుగు ప్రయాణం మాట్లాడుకుంటే ఆ బాధ ఉండదు. మన వైపు బస్సులు రాత్రి ఎల్బీ నగర్‌లో ఎక్కించుకుంటాయి. టికెట్ తీసేటప్పుడు బోర్డింగ్ పాయింట్ ఎల్బీ నగర్ అని పెట్టండి, టైం రాత్రి తొమ్మిది దాటాక ఉండేలా చూసుకోండి. ఫిల్మ్ సిటీలో చివరి ప్రోగ్రాం చూసి వచ్చి, బ్యాగులు తీసుకుని, భోజనం చేసి ఎక్కడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.