సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీకి టోకెన్ ఇచ్చే ముందు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ కోసం తిరుగుతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నేను 41 లక్షలు పెట్టి వరద నీళ్లలో మునిగిన బండి కొన్నాను. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు, కేసు నడుస్తోంది. బండి ఏ కంపెనీదో కూడా చెప్పను. తప్పు బండి తయారుచేసినవాళ్లది కాదు, మునిగిన బండిని కడిగి, తుడిచి నాకు అంటగట్టినవాళ్లది.

మేం ఉండేది నిజాంపేటలో. నాన్నకు రెండు మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక మా పాత కార్లో ఎక్కడం, దిగడం కష్టమైపోయింది. సీటు ఎత్తుగా ఉండాలి, గుంతల్లో కుదుపు తెలియకూడదు. అలా బీఎండబ్ల్యూ ఎక్స్3, మెర్సిడెస్ జీఎల్‌సీ, ఆడి క్యూ5, వోల్వో ఎక్స్‌సీ60 అన్నీ షోరూముల్లో నాన్నను కూర్చోబెట్టి మరీ చూశాం. కొత్తది ఏది తీసుకున్నా ఆన్‌రోడ్ 80 లక్షలు దాటుతోంది. అంత అప్పు వద్దు, నాలుగేళ్ల బండి సగం ధరకు వస్తుంది కదా అనుకున్నాం. ఆ ఆలోచన తప్పని ఇప్పటికీ అనను. ఈ తరగతి బండ్లకు మొదటి మూడు నాలుగేళ్లలోనే ధర బాగా పడిపోతుంది, ఆ నష్టం మొదటి ఓనర్ భరించేశాడు కాబట్టి మనకు లాభమే. మేం మోసపోయింది బండిని చూసిన తీరులో.

మాదాపూర్ వైపు ఒక సెకండ్ హ్యాండ్ షోరూములో తెల్ల రంగు డీజిల్ బండి, 2021 మోడల్, ఏపీ 39 నంబర్, మీటర్‌లో 38 వేల కిలోమీటర్లు. "డాక్టర్ గారి బండి సార్, సింగిల్ ఓనర్" అన్నారు. అదే మోడల్ మిగతా చోట్ల 46 లక్షల దాకా చెబుతుంటే ఇక్కడ 42 అన్నారు, బేరమాడితే 41కి ఒప్పుకున్నారు. ఐదు లక్షలు ఎందుకు తక్కువ అని అడగాల్సింది పోయి, దొరికిందే అదృష్టం అనుకున్నాను. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాకా నడిపి చూశాను. ఇంజన్ మెత్తగా ఉంది. లోపల సెంటు వాసన గుప్పుమంది. మా ఆవిడ వెనక సీట్లోంచి "ఇంత సెంటు ఎందుకు కొట్టారు?" అని అడిగింది. డీటెయిలింగ్ చేయించామన్నారు. కింద కార్పెట్ కొత్తగా, నలుపు కూడా తగ్గకుండా మెరుస్తోంది. నాలుగేళ్లు తిరిగిన బండికి కొత్త కార్పెట్ ఎందుకు వేస్తారన్న ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు.

వాళ్లే టిక్కులు పెట్టిన చెకింగ్ షీటు ఒకటి చేతిలో పెట్టారు. సాయంత్రం ఇంకో పార్టీ వస్తున్నారని తొందరపెట్టారు. 50 వేలు టోకెన్ ఇచ్చేశాను. కొంత క్యాష్ ఇస్తే బిల్లు తగ్గించి రాస్తామన్నారు, దానికి మాత్రం ఒప్పుకోలేదు. మొత్తం ఆర్‌టీజీఎస్‌లోనే కట్టాను. ఈ రోజు కేసులో నాకున్న బలం అదొక్కటే. శ్రావణ శుక్రవారం నాడు డెలివరీ తీసుకుని పెద్దమ్మ గుడికి తీసుకెళ్లి పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు నాన్నే పెట్టారు.

రెండు వారాలకు మొదలైంది. ఒక రాత్రి సెల్లార్‌లో డిక్కీ డోరు దానంతట అదే తెరుచుకుని ఉంది. వాచ్‌మన్ ఫోన్ చేసి చెప్పాడు. తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. షోరూముకు తీసుకెళ్తే "సెన్సర్ సార్" అని ల్యాప్‌టాప్ పెట్టి పది నిమిషాల్లో ఆర్పేశారు. వారం తిరక్కుండా మళ్లీ వెలిగింది, మళ్లీ ఆర్పారు. బాగుచేయలేదు, లైటు ఆర్పారంతే. ఆ తేడా నాకు దసరాకి తెలిసింది.

గుంటూరులో అక్కావాళ్లింటికి బయలుదేరాం. పంతంగి టోల్ దాటి ఎంతో దూరం పోలేదు, డిస్‌ప్లే మీద వరసగా వార్నింగులు. స్టీరింగ్ బిగుసుకుపోయింది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా 40 దాటడం లేదు. వెనక లారీలు హారన్ కొడుతున్నాయి. ముందు సీట్లో నాన్న డోరు హ్యాండిల్ గట్టిగా పట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. ఎలాగో పక్కకు తీశాను. టోయింగ్ బండి వచ్చేదాకా మూడు గంటలు ఎండలో రోడ్డు పక్కన కూర్చున్నాం. ఆ స్థితిలో దేన్నైనా గుద్దుకుని ఉంటే ఆ బండిలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవా లేదా అన్నది తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పంపే ముందు బాలానగర్‌లో మా పాత కారు చూసే మెకానిక్ అన్న దగ్గర దించాం. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని, రీల్‌లో ఇంకేమీ మిగలకుండా చివరిదాకా లాగాడు. మనం రోజూ పెట్టుకునే భాగం శుభ్రంగా ఉంది. చివరి జానెడు మాత్రం టీ మరకలాంటి రంగు, దాని అంచున అడ్డంగా ఒక గీత. "నీళ్లు ఇక్కడిదాకా వచ్చినయ్ అన్నా" అన్నాడు. తర్వాత సీటు వెనక్కి జరిపి, పట్టాల బోల్టులు చూపించాడు, తుప్పు. గడప దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కొత్త కార్పెట్ ఎత్తాడు. కింద దళసరి ఫోమ్ పాతదే, నొక్కితే ఇంకా చెమ్మగా ఉంది. దాని కిందున్న వైర్ల గుత్తిలో ఒక కనెక్టర్ విప్పితే రాగి పిన్నుల మీద పచ్చగా చిలుము. వేలితో రాస్తే ఆరిన ఒండ్రుమట్టి పౌడర్‌లా అంటుకుంది.

ఆయన చెప్పిన సంగతి అందరికీ తెలియాలి. ఈ ఖరీదైన బండ్లలో కంప్యూటర్ మాడ్యూళ్లు, వైర్ల జాయింట్లు చాలా వరకు సీట్ల కింద, కార్పెట్ కింద, డిక్కీలో ఉంటాయి. కొన్నిట్లో బ్యాటరీ కూడా డిక్కీలోనే. అందుకే నీళ్లు ఇంజన్ దాకా పోకపోయినా, సీటు ఎత్తు వరకు వస్తే చాలు, బండి నాశనమే. అయితే వెంటనే చెడిపోవు. తడిసిన పిన్నులు నెలల తరబడి మెల్లగా చిలుము పట్టి, ఒక్కోటి ఒక్కోసారి కనెక్షన్ తప్పుతాయి. అమ్మిన రోజు అన్నీ పనిచేయడం, నెల తర్వాత ఒక్కోటీ పోవడం అందుకే.

సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబర్ కొట్టగానే అక్కడి అడ్వైజర్ నా మొహం చూశాడు. 2024 సెప్టెంబర్‌లో ఇదే బండికి వరద నష్టం ఎస్టిమేట్ వేశారట, ఓనర్ రిపేరు చేయించుకోలేదట. ఇప్పుడు వైరింగ్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్, సీటు మాడ్యూళ్లు, స్టీరింగ్ అన్నీ కలిపి నాకు ఇచ్చిన ఎస్టిమేట్ 11 లక్షల 60 వేలు. అది మార్చాక కూడా గ్యారంటీ ఇవ్వలేమన్నారు. మా బావ విజయవాడ వెళ్లి వాకబు చేశాడు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి కదా, ఆ నీళ్లలో రోజుల తరబడి నిలబడిపోయిన బండి ఇది. ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద డబ్బు ఇచ్చేసింది. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే అలా తేలుస్తారు. తర్వాత ఆ బండిని స్క్రాప్ లెక్కన ఎవరో కొని, పైపైన బాగుచేసి, ఓనర్ పేరు మార్చకుండానే హైదరాబాద్ తోలారు. ఆర్‌సీలో పేరు మారలేదు కాబట్టి సింగిల్ ఓనరే! వరద వచ్చింది విజయవాడలో, బాధపడుతున్నది నిజాంపేటలో మేం.

అన్నిటికన్నా బాధ ఏంటంటే, సాక్ష్యం మొదటి రోజు నుంచీ నా చేతిలోనే ఉంది. షోరూము ఇచ్చిన ఫైల్‌లో ఇన్సూరెన్స్ పాలసీ ఉంది. దాంట్లో ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం ఎన్‌సీబీ వస్తుంది. నాలుగేళ్లు క్లెయిమ్ లేని బండికి 45 ఉండాలి, నా బండికి సున్నా ఉంది. చిన్న క్లెయిమ్ చేసినా సున్నా అవుతుంది, ఓనర్ తన ఎన్‌సీబీని కొత్త బండికి మార్చుకున్నా అవుతుంది. కానీ ఎందుకు సున్నా అయిందో అడగాలి, పాత పాలసీలు కూడా చూపించమనాలి. చూపించకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయాలి. నేను ఆ కాగితాన్ని గడువు తేదీ చూడటానికి తప్ప తెరవలేదు.

కాబట్టి బండి చూడటానికి వెళ్లేటప్పుడు ఫోన్ టార్చి ఒకటి చాలు. నాలుగు బెల్టులూ చివరిదాకా లాగండి. సీట్ల కింద బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద కనిపించే ఇనుప పట్టీలు, డిక్కీలో టూల్ కిట్ కింద గుంట, హెడ్‌లైట్ల లోపల చెమ్మ చూడండి. వాన కాలం కాకపోయినా అద్దాలన్నీ మూసి, ఏసీ ఆపి, పది నిమిషాలు లోపల కూర్చోండి. సెంటు ఎంత కొట్టినా ముక్కిన వాసన అప్పటికి బయటపడుతుంది. ఛాసిస్ నంబర్ తీసుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ చూపించమనండి, ఓనర్ ఒప్పుకుంటే చూపిస్తారు. మీటర్ రీడింగ్ నిజమో కాదో కూడా అక్కడే తేలుతుంది. ఇంకొక సంగతి. మీ సొంత మెకానిక్‌తో స్కానర్ పెట్టించినప్పుడు ఫాల్ట్ కోడ్లు (బండి కంప్యూటర్ రాసుకునే లోపాల నంబర్లు) లేవని సంతోషపడకండి. కోడ్లు క్లియర్ చేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా స్కానర్‌లో కనిపిస్తుంది. ఆ అంకె మరీ చిన్నదైతే మీరొస్తున్నారని పొద్దున్నే తుడిచేశారని అర్థం. ఈ చెకింగ్‌కి మెకానిక్ నాలుగైదు వేలు తీసుకుంటాడు. సిగ్గుపడకుండా టోకెన్‌కు ముందే చేయించండి. బయట మెకానిక్‌ను రానిచ్చేది లేదని షోరూము అంటే ఆ బండి వద్దనుకోండి.

అగ్రిమెంట్ ఇంటికి తెచ్చుకుని చదవండి. నా అగ్రిమెంట్‌లో చిన్న అక్షరాల్లో "ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను" అని ఇంగ్లీషులో రాసి ఉంది, ఆరు నెలల వారంటీ ఇంజన్, గేర్‌బాక్స్‌కే, ఎలక్ట్రికల్‌కు లేదు. "ఈ బండి వరదలో మునగలేదు, టోటల్ లాస్ కాలేదు" అని ఒక వాక్యం చేత్తో రాయించి సంతకం తీసుకోండి. నిజం చెప్పేవాడు వెంటనే రాస్తాడు.

వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క కూడా ముందే చూసుకోండి. "హైదరాబాద్‌లో ఏపీ నంబర్లు ఎన్ని తిరగట్లేదు సార్" అన్న మాట నమ్మొద్దు. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, లైఫ్ ట్యాక్స్ మనం కొన్న ధర మీద కాదు, బండి అసలు ధర, వయసు చూసి వేస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త పెద్ద కార్ల మీద సెస్ పోయి, మొత్తం పన్ను 40 శాతం జీఎస్టీకి తగ్గింది. పాత బండి ధర బేరమాడేటప్పుడు కొత్తదాని పాత రేటు చూపిస్తే ఒప్పుకోకండి.

నాలాగా ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఉంటే, బండిని ముట్టుకోకుండా ముందు సర్వీస్ సెంటర్ రిపోర్టు రాతపూర్వకంగా తీసుకోండి. కార్పెట్ ఎత్తేటప్పుడు తేదీ కనిపించేలా వీడియో తీయండి. లాయర్ నోటీసు ఇచ్చి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. కట్టిన సొమ్ము 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషనే చూస్తుంది. 20 నుంచి 50 లక్షల మధ్య ఫీజు వెయ్యి రూపాయలే. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి. 1915 నంబర్‌కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. షోరూమువాళ్లు నాతో 8 లక్షలు తగ్గించి బండి వెనక్కి తీసుకుంటామన్నారు. ఒప్పుకోలేదు. డబ్బు కోసమే కాదు, వెనక్కి తీసుకున్న బండిని వాళ్లు మళ్లీ ఎవరో ఒకరికి అమ్ముతారు, అందుకని.

పోయిన శనివారం అటుగా వెళ్తూ ఆ షోరూము ముందు ఆగాను. నా బండి నిలబెట్టిన చోటే ఇంకో ఎస్‌యూవీ ఉంది, అదీ ఏపీ 39. నాలుగు డోర్లూ బార్లా తెరిచి, లోపలికి టేబుల్ ఫ్యాన్ పెట్టారు. ఒక కుర్రాడు కొత్త కార్పెట్ చుట్ట విప్పుతున్నాడు. ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.