అడ్రస్ మార్పు మేమే చేయిస్తాం, తుపాకీ మా దగ్గర పెట్టండి అనే డీలర్లతో జాగ్రత్త

ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను, ఎక్కడైనా మాట తూలితే ఏమీ అనుకోకండి. షాపు పేరు రాయను. లైసెన్స్ ఆయుధం ఉన్నవాళ్లు కొత్తగా ఈ ఊరు వస్తే ఎవరో ఒకరు అక్కడికే పంపిస్తారు కాబట్టి పేరు రాయకపోయినా చాలామందికి అర్థమవుతుంది. నన్ను పంపినాయన "అన్నీ ఆయనే చూసుకుంటాడండీ, మీరు ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు" అన్నాడు. నిజమే, అన్నీ ఆయనే చూసుకున్నాడు. నా తుపాకీకి బేరంతో సహా.

విషయం క్లుప్తంగా చెప్తాను. మా నాన్నగారి ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ. ఆయన పోయాక వారసుడిగా నా పేరు మీద లైసెన్స్ చేయించుకున్నాను, కలెక్టరాఫీసు నుంచి. లైసెన్స్ పుస్తకంలో యూఐఎన్ (నా ప్రత్యేక గుర్తింపు) నంబరు ఉంది, రెన్యువల్‌కి ఇంకా బోలెడు టైముంది, రాష్ట్రమంతటా చెల్లుతుంది. ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాం. ఇది కమిషనరేట్ ఉన్న ఊరు, అంటే ఇక్కడ లైసెన్స్ వ్యవహారం కలెక్టర్ చేతిలో కాదు, పోలీస్ కమిషనర్ చేతిలో ఉంటుంది. ఇల్లు మారి ఆయుధం కూడా వెంట తెచ్చుకుంటే 30 రోజుల్లోపు పాత చోటి అధికారికి, కొత్త చోటి అధికారికి ఇద్దరికీ రాతపూర్వకంగా తెలియజేయాలి. వాళ్లు అడిగితే పుస్తకం, ఆయుధం తీసుకెళ్లి చూపించాలి. కొత్త అడ్రస్ ఎంట్రీ పడిందంటే ఇక రెన్యువల్ దగ్గర్నుంచి అన్నీ ఇక్కడే. ఇంతోటి పనికి మధ్యలో ఒక మనిషిని పెట్టుకుని 8,000 రూపాయలు ఇచ్చిన మహానుభావుణ్ణి నేను.

ఎందుకిచ్చానంటే, సామాన్లు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. ఇనప్పెట్టె గోడకి బిగించలేదు. ఇంట్లో చిన్నపిల్లలు. అలాంటి ఇంట్లో తుపాకీ ఉంచడం నాకిష్టం లేదు. డీలర్ల దగ్గర సేఫ్ కస్టడీ, అంటే ఆయుధం భద్రంగా దాచిపెట్టే ఏర్పాటు, ఉంటుంది కదా, ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు స్టేషన్‌లో పెట్టడం ఇష్టం లేనివాళ్లు పెట్టేది అక్కడే కదా అని వెళ్లాను. ఆ రోజు ఆయన మర్యాద చూడాలి! బ్యారెల్ మడిచి, లైటు వైపు ఎత్తి, ఒక కన్ను మూసి లోపలికి చూసి "అబ్బ, అద్దంలా ఉంది సార్, ఇలాంటి పీసు ఇప్పుడు దొరకదు, నాన్నగారు ఎంత బాగా చూసుకున్నారో" అన్నాడు. పొంగిపోయాను. "అడ్రస్ మార్పు కూడా మాకే వదిలేయండి, కమిషనర్ ఆఫీసు సెక్షన్‌లో అందరూ మనవాళ్లే" అన్నాడు. పుస్తకం, తుపాకీ రెండూ అక్కడే పెట్టి వచ్చాను. ఒక చీటీ ఇచ్చాడు. దాని మీద బాల్‌పెన్నుతో "గన్ 1, బుక్ 1" అని ఉంది, కింద ఒక సంతకం. తుపాకీ నంబరు లేదు, ఎందుకు పెట్టుకున్నారో లేదు. చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ నయం, దాని మీద కనీసం నంబరుంటుంది.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే పాట. "ఫైలు నడుస్తోంది సార్." "పాత జిల్లా నుంచి జవాబు రావాలి సార్." "మేడం లీవులో ఉన్నారు సార్." పాత జిల్లా నుంచి ధ్రువీకరణ రావడం ఆలస్యమవుతుందని నేనూ విన్నాను కాబట్టి నమ్మాను. అబద్ధంలో సగం నిజం కలిపితే ఎంత బాగా అరుగుతుందో!

ఇనప్పెట్టె బిగించడం అయింది. ఫైలు ఎప్పుడు తేలితే అప్పుడు తేలుతుంది, తుపాకీ ఇంటికి తెచ్చుకుందాం అని చెప్పాపెట్టకుండా షాపుకి వెళ్లాను. అసలు కథ ఇక్కడుంది.

లోపలికి అడుగు పెట్టేసరికి కౌంటర్ ముందు ఒకాయన నిలబడి డబుల్ బ్యారెల్ భుజానికి ఆనించుకుని గోడ మీది క్యాలెండర్ వైపు గురి చూస్తున్నాడు. ముందు నేను పట్టించుకోలేదు. ఆయన దాన్ని దించి అటూ ఇటూ తిప్పుతుంటే బట్ (వెనక చెక్క భాగం) మీద, కింద అంచున, చిన్న చెక్కపేడు లేచిపోయిన చోటు కనబడింది. నా చిన్నప్పుడు జీపు దిగుతూ నాన్నగారు రాయికి తగిలించినప్పుడు లేచిందది. తోలు పట్టీ లేదు. నాన్నగారు చెప్పులు కుట్టే ఆయన దగ్గర దగ్గరుండి కుట్టించుకున్న పట్టీ అది. పట్టీ ఉండే కొక్కేనికి తెల్లదారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది. దాని మీద నీలం సిరాతో 45,000.

"అది నాదండీ" అన్నాను. గొంతు పెగల్లేదు సరిగ్గా. పాపం ఆ కొనడానికి వచ్చినాయన మర్యాదస్థుడు, నిప్పు ముట్టుకున్నట్టు తుపాకీ కౌంటర్ మీద పెట్టేసి "నాకు తెలియదండీ, అమ్మకానికి ఉందన్నారు" అని వెనక్కి జరిగాడు. మన డీలర్‌గారు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "మీరా సార్, రండి రండి. మీరు అమ్మేస్తారనుకున్నాను" అన్నాడు. నేనెప్పుడన్నాను? ఎవరితో అన్నాను?

నా తుపాకీ నాకిచ్చేయమన్నాను. అప్పుడు మొదలైంది. "ఎలా ఇస్తాను సార్? మీ పుస్తకంలో ఈ ఊరి ఎంట్రీ లేదు. 30 రోజులు దాటిపోయింది. ఇప్పుడు మీ చేతికిస్తే మీరూ లోపలికి పోతారు, నేనూ లోపలికి పోతాను. ఏడేళ్లు." ఎంట్రీ వేయించే పని మీదే కదా, డబ్బు తీసుకున్నారు కదా అన్నాను. అప్పుడాయన నా ముఖంలోకి చూసి, చాలా నెమ్మదిగా అన్న మాట: "మేం అప్లికేషన్ పెట్టామని మీకెవరు చెప్పారు? రసీదేమైనా ఉందా మీ దగ్గర?"

ఫోన్లో అన్నిసార్లు "ఫైలు నడుస్తోంది" అన్నది ఈ నోరే. అసలు ఫైలే లేదు. గడువు తనే దాటించి, ఆ గడువునే చూపించి నన్ను బెదిరిస్తున్నాడు. అక్కడితో ఆగలేదు. "కొత్త చట్టం వచ్చాక పాత తుపాకులు ఉంచుకోనివ్వడం లేదు సార్, ఎలాగూ సరెండర్ చేయాల్సిందే, ఆ బాధ మీకెందుకు, నాకిచ్చేయండి, 9,000 ఇస్తాను" అన్నాడు. తొమ్మిది వేలు! అట్టముక్క మీద 45,000 ఇంకా వేలాడుతూనే ఉంది. అదేంటని అడిగితే అదే తుపాకీని మళ్లీ మడిచి, మళ్లీ ఒక కన్ను మూసి, "లోపల గుంటలు పడ్డాయి సార్, పాత ఇనుము రేటే" అన్నాడు. మొదటి రోజు అద్దం, ఇప్పుడు ఇనుము. నేను గొంతు పెంచితే, షాపులో కుర్రాళ్ల ముందు, ఆ కొత్తాయన ముందు, "అంత ప్రేముంటే ఇంట్లో పెట్టుకోవాల్సింది, మా దగ్గరెందుకు పడేసి పోయారు? తుపాకీ కావాలి గానీ రూల్స్ చదవరు" అన్నాడు. ఆ "పడేసి పోయారు" అన్న మాట ఇప్పటికీ చెవిలోంచి పోవడం లేదు. నాన్నగారు ఉండి ఉంటే ఏమనేవారో తెలియదు, నేను మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడి మా పెద్దబావకి ఫోన్ చేశాను, లాయరు. ఆయన నవ్వాడు. నవ్వినందుకు ఆయన మీదా కోపమొచ్చింది, అది వేరే సంగతి. లైసెన్స్ బతికే ఉన్నప్పుడు అడ్రస్ తెలియజేయడం ఆలస్యమైతే అది నిబంధన ఉల్లంఘన కిందికి వస్తుంది, ఆయుధాల చట్టం 30వ సెక్షన్. దానికి గరిష్ఠంగా ఆరు నెలల జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తేలిగ్గా తీసుకోవాల్సిందేం కాదు గానీ ఏడేళ్లు మాత్రం డీలర్‌గారి సొంత కవిత్వం. ఇక డీలర్ చెప్పిన కొత్త చట్టం 2019 సవరణ. అందులో ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గించారు, లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచారు. నా దగ్గరున్నది ఒక్కటే. పాతదైతే ఉంచుకోకూడదని ఎక్కడా లేదు. నా అంతట నేను ఇంకొకరికి అమ్ముకోవాలన్నా కొనేవాడి పేరు, అడ్రస్‌తో జిల్లా మేజిస్ట్రేట్‌కి గానీ దగ్గర్లోని స్టేషన్‌కి గానీ రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ఈయన మాత్రం అట్టముక్క కట్టి క్యాలెండర్ మీద గురి చూపిస్తున్నాడు!

మళ్లీ లోపలికెళ్లి, పోలీసుల్ని పిలుస్తానని గట్టిగా అన్నాక పుస్తకం కౌంటర్ మీదకి విసిరాడు. అవును, విసిరాడు. తుపాకీ మాత్రం ఇవ్వలేదు.

పుస్తకం పట్టుకుని తిన్నగా కమిషనర్ ఆఫీసులో ఆర్మ్స్ సెక్షన్‌కి వెళ్లాను. అక్కడి మేడం యూఐఎన్ కొట్టి చూసి, నా రికార్డు ఇంకా పాత జిల్లాలోనే ఉందని, నా పేరు మీద ఒక్క అప్లికేషనూ రాలేదని చెప్పారు. "అందరూ మనవాళ్లే" అన్న ఆఫీసులో ఆయన పేరు చెప్తే ఆవిడ మొహం అదోలా పెట్టారు. ఆన్‌లైన్‌లో అప్లికేషన్ ఎలా పెట్టాలో, కొత్త అడ్రస్ రుజువు, ఆలస్యానికి కారణం రాసిన లేఖ ఎలా జతచేయాలో ఓపిగ్గా చెప్పారు. నేనే కూర్చుని పెట్టాను. అప్లికేషన్ నంబరు వచ్చింది. పాత జిల్లాకి కూడా స్పీడ్ పోస్టులో పంపాను. ఆ డీలర్ నన్ను ఇన్నాళ్లు తిప్పిన పని ఇదే!

డీలర్ మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. డీలర్‌దీ లైసెన్స్ వ్యాపారమే, వచ్చిన ప్రతి ఆయుధాన్నీ రిజిస్టర్‌లో రాయాలి, అధికారులు అడిగితే చూపించాలి. నా తుపాకీని దేని కింద రాశాడో ఇప్పుడు వాళ్లు చూస్తారు. ఫిర్యాదు సంగతి ఎలా తెలిసిందో గానీ రాత్రి ఫోన్ చేశాడు. గొంతులో మళ్లీ తేనె. "మనలో మనం మాట్లాడుకుంటే పోయేదానికి ఆఫీసుల దాకా ఎందుకు సార్" అట. 8,000 గురించి మాత్రం మాట్లాడలేదు. తోలు పట్టీ ఏదని అడిగితే "ఏ పట్టీ సార్?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

కాబట్టి ఊరు మారేవాళ్లు అప్లికేషన్ మీరే పెట్టుకోండి, నంబరు మీ చేతిలో ఉండాలి. పుస్తకం ఎవరికీ వదలొద్దు, జిరాక్స్ ఇవ్వండి చాలు. సేఫ్ కస్టడీలో పెట్టక తప్పకపోతే రసీదులో తుపాకీ నంబరు, తారీఖు, సేఫ్ కస్టడీ కోసమే అన్న మాట, షాపు ముద్ర లేకుండా గుమ్మం దిగొద్దు. ఆ షాపులో ఇప్పటికే మీ ఆయుధం ఉంటే రేపే వెళ్లండి, ఫోన్ చేయకుండా వెళ్లండి, రిజిస్టర్‌లో మీ పేరు పక్కన ఏం రాసుందో చదివి ఫోటో తీసుకోండి.