లుంబినీ పార్కు: అప్పుడు చూసింది, ఇప్పుడు చూసింది

హైదరాబాద్‌లో ఆటల పార్కు అనగానే ఇప్పటి పిల్లలు రావిర్యాల వండర్‌లా పేరే చెబుతారు. 2016లో అది వచ్చాక రోజంతా రైడ్లు ఎక్కాలనుకునేవాళ్లు అటే పోతున్నారు. ఖమ్మం నుంచి స్కూలు బస్సుల్లో ఎక్స్‌కర్షన్‌కి వచ్చిన మా తరానికి మాత్రం పార్కంటే లుంబినీయే. 1994లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సెక్రటేరియట్ ఎదురుగా కట్టారు. గేటు దగ్గరి పూల గడియారం, రంగుల ఫౌంటెన్, ఆ తర్వాత బోటు. అంతే, కడుపు నిండిపోయేది.

ఈ సెలవుల్లో అమ్మనీ పాపనీ తీసుకెళ్లాను. పార్కు కన్నా ముందు కంటికి ఆనేవి చుట్టూ లేచిన కట్టడాలు. అప్పటి సెక్రటేరియట్ బ్లాకులు 2020లో కూల్చేశారు, వాటి చోట 2023 ఏప్రిల్‌లో తెల్ల గుమ్మటాల కొత్త భవనం తెరుచుకుంది. పార్కు పక్కనే దీపం ఆకారంలో అమరవీరుల స్మారకం, ఎన్టీఆర్ గార్డెన్స్ వైపు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం కూడా అదే ఏడాది వచ్చాయి. జనం బయటే ఫొటోలు దిగి, బోటు కోసం మాత్రమే లోపలికి వస్తున్నట్టు అనిపించింది.

గేటు దగ్గర సంచులు వెతుకుతుంటే పాప ఎందుకని అడిగింది. 2007 ఆగస్టు 25 సాయంత్రం ఇక్కడి లేజర్ షోలో, కోఠీ గోకుల్ చాట్‌లో బాంబులు పేలాయి. రెండు చోట్లా కలిపి నలభై మందికి పైగా పోయారు. పాపకు అర్థమయ్యేంత వరకే చెప్పాను. శనివారం సాయంత్రం సరదాగా వచ్చిన మనుషులు వాళ్లు. తనిఖీకి పట్టే ఆ కాసేపటికి విసుక్కోవద్దు.

నా మట్టుకు నాకు ఇప్పటికీ పార్కుకు ప్రాణం బోటే. స్పీడ్ బోట్లూ ఉన్నాయి కానీ పెద్దవాళ్లుంటే లాంచీయే నయం, కుదుపు తక్కువ. బుద్ధుడి దగ్గర దిగి తిరగనిస్తారు. 58 అడుగుల ఆ ఏకశిలా విగ్రహానికి రాయి భువనగిరి దగ్గరి రాయగిరి నుంచి తెచ్చారు. 1990 మార్చి 10న పంటు మీద తీసుకెళ్తుండగా ఒరిగి నీళ్లలో పడిపోయింది, పనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1992 డిసెంబరు 1న గానీ నిలబెట్టలేకపోయారు. అమ్మకు ఆ వార్తలన్నీ గుర్తే. "రెండేళ్లకు పైగా నీళ్లలో ఉన్నాడు, చెక్కు చెదరలేదు చూడరా" అంటూ పీఠం చుట్టూ నెమ్మదిగా తిరిగింది. పోయినవాళ్ల గురించి రెండు మాటలు అందరూ చదివేలా అక్కడ పెద్ద అక్షరాల్లో ఉంటే బాగుంటుందని నాకు గట్టిగా అనిపించింది.

ఎన్టీఆర్ గార్డెన్స్ చిన్న పిల్లలకు సరిపోతుంది. సిమెంటు చెట్టు, కారు ఆకారపు హోటల్, టాయ్ ట్రైన్ అక్కడి ప్రత్యేకతలు. టికెట్ కొనేముందు వాటిలో ఏవి నడుస్తున్నాయో అడగండి. పక్కనే 2003లో మొదలైన ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ఉంది. ఐమాక్స్ తెర తీసేసినా ఆటోవాళ్లకు "ఐమాక్స్" అంటేనే తెలుస్తుంది.

మేం లక్డీకాపూల్‌లో ఓ మామూలు లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ రోడ్డు వైపు ఇచ్చారు, హారన్ల మోతకు అమ్మకు నిద్ర లేదు. అడిగితే మర్నాడు వెనక గదికి మార్చారు. మీరు మొదటే అడగండి. మెట్రో స్టేషన్ దగ్గరే, అక్కడి నుంచి పార్కుకు ఆటో చాలు. తిండి మాత్రం లక్డీకాపూల్‌లోనే ముగించుకుని వెళ్లండి. పార్కు బయట ఒక బండి దగ్గర తిన్న నూడుల్స్ చల్లారిపోయి ఉన్నాయి, ధర చూస్తే హోటల్ రేటు.

నాలుగింటికి చేరుకుంటే వెలుగుండగానే బోటు అయిపోతుంది, దీపాలు వెలిగాక కొత్త భవనాలూ చూడొచ్చు. ఎండాకాలంలో చెరువు వాసన వస్తుంది, చలికాలమే మేలు. ఆదివారం సాయంత్రం పెద్దవాళ్లతో వెళ్లకండి, బోటు క్యూలో నిలబడలేరు.