డి90 నుంచి డి7500కి ఎందుకు మారాను

మా అమ్మాయి కూచిపూడిలో చేరిన ఏడాదే సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ డి90 కెమెరా కొన్నాను. 2008లో వచ్చిన మోడల్, 12.3 మెగాపిక్సెళ్ళు. "ఇంకా అదేనా?" అని అడగని బంధువు లేడు. అయితే 12×8 అంగుళాల ఆల్బమ్ ప్రింటుకి ఆ మెగాపిక్సెళ్ళు చాలు. మా గోడమీది ఫొటోలన్నీ దాంతో తీసినవే.

మొదట ఇబ్బంది పెట్టింది వెలుతురు. నవరాత్రులకి గుడి దగ్గర వేసే స్టేజీ మీద లైట్లు అంతంతమాత్రం. కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్‌తో జూమ్ చేస్తే అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్/5.6కి పడిపోయేది, ముద్రలు పట్టిన చేతులు అలికేసినట్టు వచ్చేవి. అప్పుడు కెమెరా బాడీ మార్చలేదు, 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్స్ కొన్నాను. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. మూడు స్టాపులకు పైగా (ఒక్కో స్టాపుకి రెట్టింపు) వెలుతురు కలిసొచ్చింది. ఆ లెన్సు పుణ్యమా అని డి90 ఇంకో ఆరేళ్ళు నడిచింది.

అసలు చిక్కు తరంగం (ఇత్తడి పళ్ళెం అంచుమీద నిలబడి చేసే కూచిపూడి అంశం) దగ్గర వచ్చింది. పళ్ళెం అంచుమీద పాదాలు, పైన ముఖం, రెండూ ఫ్రేములో ఉండాలి. డి90లో 11 ఫోకస్ పాయింట్లుంటే మధ్యదొక్కటే క్రాస్ టైప్, అంటే నిలువు, అడ్డం గీతలు రెండిటినీ పట్టగలిగేది. పక్క పాయింట్లు మసక వెలుతురులో తడుముకుంటాయి. మధ్యదాంతో ముఖం మీద ఫోకస్ పట్టి ఫ్రేము సర్దేలోపు పిల్ల జతి ముగించేసేది. వరసగా మూడు ప్రోగ్రాముల్లో చెడిన ఫొటోలు విడిగా పెట్టి చూశాను. గ్రెయిన్ (మసక వెలుతురులో ఫొటోమీద పడే చుక్కలు) వల్ల పోయినవి కొన్నే, ఫోకస్ తప్పినవే ఎక్కువ. అప్పుడే మార్చాలని నిశ్చయించుకున్నాను.

ముందు నికాన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) ఒకటి ఒకరోజు అద్దెకి తెచ్చాను. చప్పుడే లేదు, నాట్యానికి అది పెద్ద వరం. కానీ నా 50 ఎంఎం డి లెన్సులో ఫోకస్ తిప్పే మోటర్ లేదు, దాన్ని ఆ కెమెరాకి తగిలించే అడాప్టర్‌లోనూ లేదు. చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సి వచ్చింది. అందుకని బాడీలోనే మోటర్ ఉన్న డి7500 తీసుకున్నాను, ఇదీ సెకండ్‌హ్యాండే. 51 పాయింట్లు, వాటిలో 15 క్రాస్ టైప్. నా కంటికి దీని ఐఎస్ఓ (మసక వెలుతురులో పెంచుకునే సెన్సర్ సున్నితత్వం) 6400, పాతదాని 1600 కంటే శుభ్రంగా ఉంది. పాత బ్యాటరీలు పట్టవు. కార్డు స్లాటు ఒక్కటే, తీసేటప్పుడే రెండో కార్డులో కాపీ పడదు, కాబట్టి పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు ఆలోచించుకోవాలి.

మొన్న ఉగాదికి మళ్ళీ తరంగమే చేసింది. పళ్ళెం మీద తిరుగుతూ నవ్వినప్పుడు కాటుక రేఖ కూడా స్పష్టంగా వచ్చింది. డి90 అమ్మలేదు, పగటిపూట రిహార్సళ్ళకి అదే తీసుకెళ్తున్నాను.